ఘన్‌పూర్ అన్న దస్తీ

ఏడేళ్ళపాటు పొద్దున లేచింది మొదలు నా ధ్యాసంతా ఒక్కటే, జనగామ స్టేషన్‌లో పుష్‌పుల్ రైలు మూడో డబ్బా ఎక్కి రెండు కిటికీ సీట్లు దొరకబుచ్చుకోవడం. ఒకటి నాకు. ఎదురుగా ఉన్నది ఇంకొకాయనకి. నా సీట్లో నేను కూలబడి, ఎదుటి సీటు మీద నీలి గళ్ళ దస్తీ, అదే చేతిరుమాలు, ఒకటి పరిచి, అప్పుడు చెమట తుడుచుకునేదాన్ని. మహబూబాబాద్‌లో ఒక చిన్న సర్కారు ఆఫీసులో నా ఉద్యోగం. ఇల్లు జనగామలో. ఇల్లు మార్చుకోరాదా అని అడిగిన వాళ్ళందరికీ ఒకే జవాబు చెప్పేదాన్ని: మీరొచ్చి సామాను మోస్తారా అని.

మా దిక్కు సీటు మీద దస్తీ పడిందంటే అక్కడ మనిషి కూర్చున్నట్టే. బస్సుకైనా రైలుకైనా అదే చట్టం. కిటికీలోంచి దస్తీ విసిరేసి, చాయ్ తాగి తాపీగా ఎక్కే వాళ్ళుంటారు. దస్తీ పక్కకు జరిపి కూర్చున్నవాడు ఊరందరితో మాట పడాల్సిందే. చదువుకున్న వాళ్ళు, చదువులేని వాళ్ళు, పట్నం నుంచి కొత్తగా వచ్చిన వాళ్ళు కూడా రెండు రోజుల్లో ఈ పద్ధతికి అలవాటు పడతారు.

ఆ దస్తీ స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎక్కే ఒక పెద్దమనిషిది. యాభై దాటి ఉంటాయి. నూనె రాసి దువ్విన నల్లటి జుట్టు, గుబురు మీసం. అన్నిటికన్నా ముఖ్యం ఆయన గొంతు. ఆయన ఎక్కాడంటే డబ్బా మొత్తానికి తెలియాల్సిందే. మా డైలీ ప్యాసింజర్లలో పేర్లు అడిగే అలవాటు లేదు. ఎవరు ఎక్కడ ఎక్కితే అదే పేరు. ఆయన ఘన్‌పూర్ అన్న. నేను జనగామ చెల్లెను. ఆయన పక్క సీట్లో కూర్చునే ముసలామె మాత్రం అందరికీ చాచీ. మహబూబాబాద్‌లో తమ్ముడి గాజుల దుకాణానికి రోజూ వెళ్ళేది. ఘన్‌పూర్ అన్న జుట్టుకు రంగేస్తాడని నవ్వేది ఆమే.

ఘన్‌పూర్‌లో డబ్బా నిండిపోయి ఉంటుంది కాబట్టి ఆయన సీటు నేను ఆపేదాన్ని. ఒకరోజు ఆయనే తన దస్తీ ఎప్పటిలాగే నాలుగు మడతలు వేసి నా చేతిలో పెట్టాడు. మూలన ఎర్రదారంతో చిన్న కుట్టు ఉంది, ఆయన భార్య గుర్తు కోసం కుట్టింది.

"గిది నీ దగ్గర్నే ఉండనీ చెల్లె. నేనొచ్చేదాక నా తరఫున గిదే కూసుంటది."

ఆ మాట అప్పుడు నవ్వుగానే ఉంది.

పెళ్ళిళ్ళ కాలంలో ఒకరోజు జనగామలోనే కాలు పెట్టే సందు లేదు. ఎలాగో కిటికీ దగ్గరికి చేరి దస్తీ పరిచాను. కాలికి కట్టు కట్టుకున్న ఒక అవ్వ వచ్చి, సీటు పట్టుకుని నిలబడింది. "బిడ్డా, జర కూసుంట," అంది. నేను లేచి నా సీటు ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. ఘన్‌పూర్ అన్న మగమనిషి, ఒక్కరోజు నిలబడితే అరిగిపోతాడా అనుకుని ఆ దస్తీ తీసి సంచిలో పెట్టుకున్నాను. ఈ లెక్క నేను ఇప్పటికీ నాకు అనుకూలంగా తిప్పి చెప్పుకోవాలని చూస్తాను. కుదరదు.

ఘన్‌పూర్‌లో ఆయన ఎక్కాడు. అవ్వను చూశాడు, నన్ను చూశాడు. అంత గొంతున్న మనిషి ఒక్క మాట అనలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి, కడ్డీ పట్టుకుని, మొహం బయటికి పెట్టి నిలబడ్డాడు. నాకు చిర్రెత్తింది. అలిగాడా ఈ వయసులో అని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. కాజీపేటలో సగం డబ్బా దిగిపోయాక తలెత్తితే తలుపు దగ్గర ఆయన లేడు.

మర్నాడు దస్తీ పరిచాను. ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు, డబ్బాల్లో పల్లీలు అమ్ముకునే పెద్దాయన చాచీకి పొట్లం కట్టిస్తూ మాటల్లో మాటగా అన్నాడు.

"ఘన్‌పూర్ దాటినంక ఎవలో డబ్బాలకెల్లి పడ్డడట. తలుపుకాడ నిలవడ్డడట."

"ఎన్నడు?" అన్నాను.

"మొన్ననో, అటుమొన్ననో. మంది చెప్పుకుంటుండ్రు. ఎవలో ఏమో."

చాచీ "యా అల్లా" అని పొట్లం ఒళ్ళో పెట్టుకుంది. ఎట్లా ఉంటాడు, జుట్టు నల్లగా ఉందా, మీసం ఉందా, ఇవేవీ మేమిద్దరం అడగలేదు. ఆయన పల్లీల బుట్ట ఎత్తుకుని పక్క డబ్బాకి వెళ్ళిపోయాడు.

ఈ కాలంలో ఒక మనిషి ఉన్నాడో లేడో తెలుసుకోవడం ఎంతసేపు అని మీరు అనవచ్చు. మా బండికి వాట్సాప్ గ్రూపు కూడా ఉంది, బండి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకోవడానికి. అందులో వందమందికి పైగా ఉన్నారు, సగం మందికి ఫోటో బదులు దేవుడి బొమ్మే. ఘన్‌పూర్ అన్న ఏ దేవుడి వెనక ఉన్నాడో నాకు తెలియదు. పోనీ గ్రూపులోనే అడగవచ్చు. రెండుసార్లు టైపు చేసి తుడిపేశాను. ఒక సెలవురోజు ఏకంగా ఘన్‌పూర్‌లో దిగాను కూడా. స్టేషన్ బయట ఆటో అతను "ఎవలింటికి పోవాలె అక్కా?" అని అడిగాడు. నా దగ్గర పేరు లేదు. గొంతు పెద్దగా ఉంటుంది, జుట్టుకి రంగేస్తాడు అని చెబితే బహుశా చూపించేవాడే. అడిగితే జవాబొస్తుంది. ఆ జవాబు విని మళ్ళీ ఆ డబ్బాలో ఆ తలుపుకి ఎదురుగా రోజూ కూర్చోవాలి. తిరుగు బండికి ఇంటికొచ్చేశాను.

ఇక దస్తీ మాత్రం పరుస్తూనే ఉన్నాను. మొదటి నెలలో అది ఎదురుచూపు. తర్వాత ఏమిటో నాకే తెలియదు. ఆయన పడిపోయింది నా వల్లే అని నేను గట్టిగా నమ్మాను. ఇంకెవరైనా ఆ సీట్లో కూర్చుంటే నేను రెండోసారి ఆయన్ని తలుపు దగ్గరికి పంపినట్టే అనిపించేది. చాచీకి ఏమీ చెప్పలేదు కానీ ఆమెకూ అదే లోపల ఉన్నట్టుంది. ఎప్పుడైనా నేను వంగడం ఆలస్యమైతే ఆమే చెయ్యి చాచి దస్తీ మడత సరిచేసేది.

"వస్తడు బేటీ. ఎక్కడికి పోతడు," అనేది. ఎవరికి చెబుతోందో తెలిసేది కాదు.

రోజులు గడిచేకొద్దీ ఆ సీటు తీరే మారింది. ముగ్గురు కూర్చునే చోట ఐదుగురు ఇరుక్కున్న రోజు కూడా దాని మీదికి ఎవరి మోచెయ్యీ జరిగేది కాదు. సంచులు పెట్టేవారు కాదు. ఎదురుగా కాళ్ళు చాపబోయిన నేను, అక్కడ ఎవరి మోకాళ్ళకో తగులుతాయన్నట్టు వెనక్కి ముడుచుకునేదాన్ని. వక్కపొడి డబ్బీ చేతులు మారుతూ వస్తే చాచీ ఒక్క క్షణం దాన్ని కిటికీ వైపు పట్టుకుని, తర్వాత నాకు ఇచ్చేది. మొదటిసారి చూసి నా ఒళ్ళు జలదరించింది. తర్వాత్తర్వాత అలా చెయ్యకపోతే బాగుండేది కాదు.

ఒకరోజు దస్తీ పరుస్తుంటే అరచెయ్యి సీటుకి తగిలింది. వెచ్చగా ఉంది. ఎండ పడుతోంది కదా అనుకున్నాను. నాలుగు రోజుల తర్వాత ముసురు పట్టి, కిటికీలన్నీ దించేశారు. ఆ రోజూ వెచ్చగానే ఉంది. జనగామలో దిగిపోయిన ఎవడిదో వెచ్చదనం అని సాయంత్రం ఇంట్లో బియ్యం కడుగుతుంటే తట్టింది. అంత తెలివి పొద్దున ఎక్కడికి పోయిందో. పొద్దున మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుని, చీర చెంగుకి తుడుచుకుని, "కూసో అన్నా," అన్నాను. పైకే అన్నాను. పక్కనున్న వాళ్ళెవరూ తల తిప్పలేదు.

అంతకన్నా నన్ను భయపెట్టింది ఇంకోటుంది. ఒకసారి నేను పరిగెత్తి పరిగెత్తి ఆఖరి డబ్బా ఎక్కాను. జనంలో తోసుకుంటూ మూడో డబ్బా చేరేసరికి రఘునాథపల్లి దాటింది. ఆ రోజు చాచీ రాలేదు. దస్తీ నా సంచిలో ఉంది. కిటికీ సీటు ఖాళీగా ఉంది. దాని చుట్టూ పదిమంది నిలబడి ఉన్నారు. అందరూ కొత్త మొహాలే. కాలేజీ పిల్ల ఒకతి పుస్తకాల సంచి బరువుకి వంగిపోయి ఉంది.

"కూసోరాదమ్మా, ఖాళీయే గదా," అన్నాను.

"లే ఆంటీ, అక్కడ ఎవలో ఉంటరట," అంది.

"ఎవలు చెప్పిన్రు?"

ఆ పిల్ల పక్కామెను చూసింది, పక్కామె ఇంకొకాయన్ని చూసింది. ఎవరికీ తెలియదు. నేను సంచిలోంచి దస్తీ తీసి సీటు మీద పరిచాను. అందరూ అదేదో సబబుగానే ఉందన్నట్టు కిటికీ బయటికి చూశారు.

నేను అలా ఎంతమందిని లేపానో, ఎంతమందిని కూర్చోనివ్వలేదో గుర్తులేదు. ఒక లావుపాటాయన రైలు నీ అబ్బ సొమ్మా అని గొడవ పెట్టుకున్నాడు, నేనూ తక్కువ తినలేదు. కేసముద్రం వెళ్ళే నిండు నెలల మనిషికి నా సీటు ఇచ్చి నేను నిలబడ్డాను, ఆ సీటు మాత్రం ఇవ్వలేదు. దవాఖాన నుంచో దవాఖానకో పోయే వాళ్ళలా మాస్కులు, తువ్వాలలు కట్టుకున్న వాళ్ళు కొందరు వచ్చేవారు. వానకాలం చివర్లో ఒకాయన నోరు తెరవకుండా సీటు వైపు చెయ్యి చూపించాడు. "మనిషి ఉన్నడు, వస్తడు," అన్నాను. ఆయన అలాగే దస్తీని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నాకు విసుగొచ్చి, "చెప్పిన గదా, మనిషి ఉన్నడని," అని ఇంకోసారి అన్నాను. వెళ్ళిపోయాడు. రోజూ ఉండే తంతే ఇది.

ఎండాకాలం వచ్చింది. నాకు భూపాలపల్లికి బదిలీ అయింది. మహబూబాబాద్‌కి ఆఖరిసారి వెళ్ళిన రోజు దస్తీ ఉతికి, ఇస్త్రీ చేసి తీసుకెళ్ళి చాచీ చేతిలో పెట్టాను. ఆమె ఏమీ అడగకుండా రవికలో దోపుకుంది. నాకు ఏడుపొచ్చింది. బండి దిగి వెళ్ళిపోతూ చాచీ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. రవిక అంచున నీలి గళ్ళు కొంచెం కనిపించాయి.

భూపాలపల్లికి జనగామ నుంచి నేరుగా వెళ్ళడం నాలాంటి వాళ్ళ వల్ల కాదు. పొద్దున్నే హన్మకొండ చేరి, అక్కడ పరకాల మీదుగా పోయే బస్సు పట్టుకోవాలి. మొదటి వారంలోనే ఆ బస్టాండు పద్ధతి ఒంటబట్టింది. బస్సు ప్లాట్‌ఫారం మీదికి మలుపు తిరుగుతుండగానే కిటికీల్లోంచి దస్తీలు, సంచులు, టిఫిన్ డబ్బాలు లోపల పడతాయి.

ఒకరోజు నేను ముందుగా ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నా కిటికీలోంచే ఒక చెయ్యి లోపలికొచ్చింది. సన్నటి చెయ్యి. నా మొహం ముందు నుంచి వెళ్ళి, పక్క సీటు మీద ఒక దస్తీ వదిలి, వెనక్కి పోయింది.

నీలి గళ్ళు. మూలన ఎర్రదారం కుట్టు.

చాచీకి నా చేతులతో ఇచ్చిన దస్తీ అది. నేను దాన్ని ముట్టుకోలేదు. లేచి దిగిపోదామంటే దాన్ని దాటి వెళ్ళాలి. జనం ఎక్కుతున్నారు, ఒకామె సీటు వైపు వచ్చి, దస్తీ చూసి, ముందుకెళ్ళింది. తర్వాత ఒక సన్నటి మనిషి వచ్చి, దస్తీ ఎత్తి, దులిపి, నా పక్కన కూర్చున్నాడు. పొట్టి తెల్లజుట్టు. మీసం లేదు. మెడ మీద కోసి కుట్టిన గీత. మొహం నాకు తెలిసింది కాదు, ఆ దస్తీని నాలుగు మడతలు పెట్టిన తీరు తెలుసు.

"మంచిగున్నవా చెల్లె?" అన్నాడు. గొంతు కాదు అది, గాలి.

బస్సు కదిలింది. ములుగు రోడ్డు దాటింది. నేను కండక్టర్ కోసం చూస్తూ కూర్చున్నాను. ఎందుకో చెబితే నవ్వుతారు. మా ఆడవాళ్ళకి పైసలు లేకుండా జీరో టికెట్, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మగవాళ్ళని మాత్రం ఎక్కడిదాకా అని అడగాలి. ఆయన్ని అడుగుతాడా, లేక నన్ను దాటి వెనక సీటుకి పోతాడా అని చూస్తున్నాను. కండక్టర్ నా కార్డు చూసి టికెట్ చింపాడు. తర్వాత పక్కకి తిరిగాడు.

"పెద్దాయనా, ఎక్కడిదాక?"

"భూపాలపల్లి."

టికెట్ చేతులు మారింది. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది, దాంతోపాటే ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"అన్నా, నువ్వు సచ్చిపోయినవనుకున్న," అన్నాను. ఒక మనిషితో అనాల్సిన మాట కాదు.

"నేను గూడ అనుకున్న చెల్లె," అన్నాడు.

నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు. గొంతులో గడ్డ. అవ్వకి సీటిచ్చిన రోజు కాజీపేటలో దిగింది దవాఖాన కాగితాలు తెచ్చుకోవడానికి. మాట అనకపోవడానికి కారణం అలక కాదు, అప్పటికే మాట్లాడితే నొప్పి. ఆపరేషన్, తర్వాత మందులు, జుట్టంతా రాలిపోయింది. నౌకరీ మానేశాడు. భూపాలపల్లిలో కూతురిల్లు, అల్లుడు బొగ్గు బావిలో పనిచేస్తాడు, వారానికోసారి మనవరాలిని చూడ్డానికి పోతాడు. పట్టాల పక్కన పడ్డది ఎవరో ఆయనకీ తెలియదు. అసలు ఎవరైనా పడ్డారో లేదో కూడా.

"ఒక్కసారన్న బండికి రాకపోతివి," అన్నాను. "ఏడాది నీ సీటు ఆపినం. పానం పోయినట్టుండె మాకు."

ఆయన దస్తీని మోకాలి మీద పెట్టి సాపు చేశాడు.

"వచ్చిన గదా."

"ఎన్నడు?"

"వానలు వెనకవట్టినప్పుడు. మిమ్ముల చూసి పోదామని. మాస్కు ఉండె, నెత్తికి తువ్వాల ఉండె. మాట రాకుండె అప్పుడు. సీటు దిక్కు చెయ్యి జూపిన. నువ్వు నన్నే జూసుకుంట అన్నవు, మనిషి ఉన్నడు, వస్తడు అని."

పరకాల రోడ్డు మీద గుంతలున్నాయి. బస్సు ఊగినప్పుడల్లా ఆయన భుజం నా భుజానికి తగులుతోంది. నేను తప్పుకోలేదు.

"రెండుసార్లు అన్నవు," అన్నాడు. నిష్ఠూరం లేదు. "దస్తీ గుర్తువట్టిన. మా ఆమె ఒకటే గుడ్డల రెండు కుట్టింది, రెండోది నా జేబులనే ఉండె. మీ లెక్కల నా సీట్ల నేను కూసొనే ఉన్న. చాచీ వక్కపొడి డబ్బీ గూడ అటు చూపెట్టింది. నేను పక్కన నిలవడి చూస్తున్న. ఎవ్వలకు కనవడ్తలేను. అప్పుడు అనుమానమైంది చెల్లె. దవాఖానల మత్తు సూది ఇచ్చిన్రు, మళ్ళ లేచిన్నో లేదో అని."

"అన్నా..."

"కాజీపేటల దిగి ఎదురు బండికి ఇంటికి పోయిన. మా ఆమెను సైగ జేసి నీళ్ళడిగిన. దూప కాలే. ఇస్తదో ఇయ్యదో చూద్దామని."

"ఇచ్చిందా?"

"గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది. నా దిక్కు చూడలే, చేతికియ్యలే. పొయ్యి మీద పాలున్నయంట, ఉరికింది." దస్తీ మళ్ళీ మడత పెట్టాడు. "ఆ గ్లాసు జూసుకుంట చానాసేపు కూసున్న."

పరేషాన్‌లో గుర్తుపట్టలేదన్నా అనాలా. నీ కోసమే నిన్ను కూర్చోనివ్వలేదనాలా. ఈపాటికి పుష్‌పుల్ ఘన్‌పూర్ దాటి ఉంటుంది, చాచీ దస్తీ పరిచే ఉంటుంది, ఆ సీట్లో ఎవరూ కూర్చుని ఉండరు. ఆపమని చెప్పడానికి చాచీ నెంబరు నా దగ్గర లేదు, ఆమె పేరూ తెలియదు.

సంచిలోంచి నీళ్ళ సీసా తీశాను. మూత తిప్పి, ఆయన మొహంలోకి చూస్తూ, ఆయన చేతిలోనే పెట్టాను. వేళ్ళు తగిలాయి. వెచ్చగా ఉన్నాయి. ఆయన ఒక్కో గుక్కా కష్టంగా మింగుతూ సగం సీసా తాగి, మూత పెట్టి నాకు తిరిగిచ్చాడు.